బెయిల్ వచ్చాక కూడా జైల్లోనే: విచారణ ఖైదీగా ఉన్న ఒక తల్లి కేసు

ఈ కేసు కోస్తా ఆంధ్రలోని ఒక జిల్లాది. క్లయింటు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. కోర్టు, స్టేషన్, జైలు పేర్లు రాయడం లేదు. నేను క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే లాయర్‌ని. మహిళా ఖైదీల కేసులు కొన్ని లీగల్ ఎయిడ్ ద్వారా వస్తాయి, కొన్ని నేరుగా వస్తాయి. జైళ్లు అనేవే ఉండకూడదని నమ్మే మనిషిని. ఆ నమ్మకానికీ, మేజిస్ట్రేట్ కోర్టులో మనం రోజూ వేసే చిన్న చిన్న పిటిషన్లకూ సంబంధం ఏమిటని జూనియర్లు అడుగుతుంటారు. ఈ కేసులో ఆ సంబంధం బాగా కనిపిస్తుంది.

క్లయింటుకు ముప్పై ఏళ్లు దాటాయి. ఎరుకల కుటుంబం. ఊరూరా తిరిగి, ఆడవాళ్లు దువ్వుకున్నప్పుడు రాలిన జుట్టు తీసుకుని బదులుగా ప్లాస్టిక్ డబ్బాలు, స్టీలు గిన్నెలు ఇచ్చే వ్యాపారం. భర్త పని వెతుక్కుంటూ వేరే రాష్ట్రం వెళ్లి చాలాకాలంగా ఇంటికి రావడం లేదు. ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి ఆరో తరగతి, రెండోవాడు మూడో తరగతి, చిన్నవాడికి మూడేళ్లు. అత్త దగ్గరే ఉంటారు.

ఒక పండగ ముందు రద్దీ బస్సులో ఒకావిడ మెడలో గొలుసు పోయింది. బస్టాండులో జుట్టు సంచితో కూర్చున్న నా క్లయింటునూ, మరికొందరు ఆడవాళ్లనూ స్టేషన్‌కు తీసుకెళ్లారు. మిగతావాళ్లను వదిలేశారు. ఈమెను మర్నాడు అరెస్టు చూపించారు. భారతీయ న్యాయ సంహితలో 303(2), మామూలు దొంగతనం. గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాయాలని, మేజిస్ట్రేట్ ఆ కారణాలు చూశాకే రిమాండ్ ఇవ్వాలని అర్ణేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. ఈమె రిమాండ్ రిపోర్టులో కారణం అనదగ్గది ఒక్కటే ఉంది. 'పాత నేరస్తుల కుటుంబానికి చెందినది' అని.

ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో మన ప్రాంతం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్త జాతుల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్రవేసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం, కావలి లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించుకున్నారు. 1952లో చట్టం రద్దయింది. అనుమానితుల మీద పోలీస్ స్టేషన్లలో తెరిచి ఉంచే సస్పెక్ట్ షీట్లు మాత్రం పోలేదు. తాతకు షీట్ ఉంటే మనవరాలి రిమాండ్ రిపోర్టులో అది తేలుతుంది.

జైలుకు వెళ్లేటప్పుడు చిన్నవాడు ఆమెతోనే ఉన్నాడు. తల్లిని వదలలేదు. అత్తకు ఇద్దరిని చూసుకోవడమే కష్టం.

మూడో వారంలో లీగల్ ఎయిడ్ లాయర్ బెయిల్ పిటిషన్ వేశారు, బెయిల్ వచ్చింది. మహిళ అయితే నాన్ బెయిలబుల్ కేసులో కూడా కోర్టు బెయిల్ వైపు మొగ్గవచ్చని పాత సీఆర్పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 437లో ఉన్న మాట దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 480లోనూ ఉంది. ఆర్డర్‌లో షరతు ఇది: పది వేల పర్సనల్ బాండు (వాయిదాకి రాకపోతే అంత కడతానని తన సొంత హామీ), అంతే మొత్తానికి ఇద్దరు షూరిటీలు (జామీనుదారులు), ఇద్దరికీ ఆ జిల్లాలోనే స్థిరాస్తి ఉండాలి. ఆమె ఊరు పక్క జిల్లాలో ఉంది.

జైలు లీగల్ క్లినిక్‌లో నేను ఆమెను మొదటిసారి చూసేసరికి ఆ ఆర్డర్ వచ్చి దాదాపు రెండు నెలలవుతోంది. ఆమె అడిగిన మొదటి మాట, "నాకు బెయిల్ ఎప్పుడొస్తది మేడమ్?" అని. బెయిల్ ఎప్పుడో వచ్చిందని ఆమెకు తెలియదు. వాయిదాలన్నీ వీడియోలో జరిగాయి. తెర మీద ఎవరో ఏదో మాట్లాడారు, రిమాండ్ పొడిగించారు, తర్వాతి ఖైదీని పిలిచారు. ఎవరూ చెప్పలేదు.

ఈ ఒక్క విషయం మీద కొంచెం ఆగుతాను. బెయిల్ వచ్చాక కూడా జైల్లో మగ్గేవాళ్ల గురించి 2023 జనవరి 31న సుప్రీంకోర్టు స్పష్టమైన ఆదేశాలిచ్చింది. బెయిల్ ఆర్డర్ కాపీని కోర్టు అదే రోజో మర్నాడో ఈమెయిల్‌లో జైలు సూపరింటెండెంట్ ద్వారా ఖైదీకి అందించాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. నెల దాటినా బాండ్లు ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే కేసు తీసుకుని షరతులు సడలించవచ్చు. స్థానిక షూరిటీ కావాలని పట్టుబట్టడమే ఆలస్యానికి ఒక కారణమని, ఆ షరతు పెట్టవద్దని కూడా అందులో ఉంది. మన కోర్టుల్లో చాలామంది లాయర్లకు ఈ ఆర్డర్ ఉందనే తెలియదు. ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి, ప్రతి షూరిటీ సడలింపు పిటిషన్‌కూ జత చేయండి.

అత్తగారిని కలిస్తే ఇంకో సంగతి తెలిసింది. కోర్టు బయట షూరిటీలు ఇప్పిస్తానన్న ఒక మనిషికి ఆమె అప్పటికే డబ్బు కట్టింది. వారం వడ్డీకి తెచ్చిన అప్పు. ఆ మనిషి మళ్లీ కనిపించలేదు. "కాయితం రాసిచ్చాడమ్మా, సంతకం కూడా పెట్టాడు," అని ఆమె ఒక తెల్లకాగితం చూపించింది. మన కోర్టు ఆవరణల్లో అద్దె షూరిటీల వ్యాపారం నడుస్తోందంటే, దాన్ని నడిపిస్తున్నది మనం అడిగే హౌస్ ట్యాక్స్ రసీదులే. ఆస్తి లేనివాళ్ల నుంచి ఆస్తి కాగితం అడిగితే వాళ్లు దాన్ని ఎక్కడో ఒకచోట కొనుక్కోవాలి కదా.

షూరిటీ తగ్గించమని పిటిషన్ వేశాను. ప్రధానంగా మూడింటి మీద ఆధారపడ్డాను. మొదటిది పైన చెప్పిన 2023 ఆదేశాలు. రెండోది సుప్రీంకోర్టులో 1978 నాటి మోతీరాం కేసు. తాపీమేస్త్రీకి పది వేల షూరిటీ అడిగి, అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ షూరిటీని తిరస్కరించిన కేసది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో, ఒక మలయాళీయో కన్నడిగుడో తమిళుడో తెలుగువాడో బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో అరెస్టయితే అక్కడి షూరిటీ ఎక్కడి నుంచి తెస్తాడని అడిగారు. నలభై ఏళ్లు దాటాక తెలుగు జిల్లాల మధ్యనే అదే ప్రశ్న వేయాల్సి వచ్చింది.

మూడోది 2024 అక్టోబర్ 3 నాటి సుకన్య శాంత తీర్పు. జైళ్లలో కులాన్ని బట్టి పని, బ్యారక్ పంచే నిబంధనలను ఆ తీర్పు కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమంది. విముక్త జాతుల వాళ్లను (ఒకప్పుడు నేరస్త జాతులని ముద్రపడ్డవాళ్లను) ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా పోలీసులు చూడాలంది. బెయిల్ షరతులకు దీనితో ఏం పని అని మీరడగవచ్చు. వాదనల రోజు ప్రాసిక్యూషన్ వైపు నుంచి వచ్చిన మాట, "వీళ్లు ఒకచోట ఉండేవాళ్లు కాదు సార్, వదిలితే దొరకరు." ఆ మాటకు నోటితో జవాబు చెబితే వాదన అవుతుంది, తీర్పు చూపిస్తే రికార్డవుతుంది. ఏ ఆధారంతో 'వీళ్లు' అంటున్నారో రాతపూర్వకంగా చెప్పమని అడిగాను. జవాబు రాలేదు.

ఆమె ఎక్కడికీ పారిపోదని చూపించడానికి ఆస్తి కాగితాలు లేవు. కానీ మనిషి ఒక ఊళ్లో పాతుకుని ఉందనడానికి వేరే కాగితాలున్నాయి. ఏళ్లుగా ఒకే డిపోలో బియ్యం తీసుకుంటున్న రేషన్ కార్డు. పిల్లల స్టడీ సర్టిఫికెట్లు. అన్నిటికంటే బాగా పనిచేసింది డ్వాక్రా సంఘం పుస్తకం. ప్రతి నెలా పొదుపు కట్టినట్టు, తీసుకున్న రుణం వాయిదా తప్పకుండా తీర్చినట్టు అందులో ఉంది. మేజిస్ట్రేట్ ఆ పుస్తకం చాలాసేపు తిరగేశారు. అరెస్టయిన నెల నుంచే కట్టడం ఆగిపోయిందన్నది కూడా ఆ పేజీల్లోనే కనిపిస్తోంది. షరతు ఐదు వేల పర్సనల్ బాండుకు, ఏ జిల్లా అయినా సరే ఒక్క షూరిటీకి తగ్గింది.

షూరిటీగా ఆ సంఘం లీడర్ వచ్చింది. ఆమెకు పంచాయతీ ఇంటి పన్ను రసీదు ఉంది. భయం కూడా ఉంది. "వదిన వాయిదాకి రాకపోతే నా ఇల్లు జప్తు చేస్తారా అమ్మా?" అని అడిగింది. బాండు మొత్తం వరకే బాధ్యత అని, అది కూడా కోర్టు నోటీసిచ్చి విన్నాకే అని, భయమేస్తే తనంతట తాను షూరిటీ నుంచి తప్పుకునే హక్కు కూడా ఉందని వివరంగా చెప్పాను. ఇది ప్రతి షూరిటీకీ చెప్పాలి. కోర్టు మెట్లెక్కడానికి జంకే ఆడమనిషి ఇంకో ఆడమనిషి కోసం నిలబడుతోంది. ఆమెకు తెలియాల్సింది దాచి సంతకం పెట్టించకూడదు.

ఈ మధ్యలో జైల్లో పిల్లవాడి సంగతి. ఆ మహిళా బ్యారక్‌లో ఉండేది కొద్దిమందే, అందుకే క్రెష్ (చిన్నపిల్లలను చూసుకునే కేంద్రం) లేదు. పిల్లవాడు పొద్దుటి నుంచీ రాత్రి వరకూ పెద్దవాళ్ల మధ్యే. వాడికి కుక్కంటే ఏమిటో మర్చిపోయినట్టుంది, బయట మొరుగు వినబడితే ఏడుస్తున్నాడని తల్లి చెప్పింది. తల్లితో ఉన్న పిల్లలను ఖైదీలుగా చూడకూడదని, మూడేళ్ల లోపువాళ్లకు క్రెష్, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు నర్సరీ ఉండాలని, అవి వీలైతే జైలు ప్రాంగణం బయటే నడపాలని, జైల్లో పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో జైలు పేరు రాయకూడదని 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన పేరు మీదే ఉంది, ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. ఆ తీర్పు జత చేసి సూపరింటెండెంట్‌కూ, జిల్లా న్యాయసేవాధికార సంస్థకూ అర్జీ పెట్టాం. పగటిపూట ఒక మహిళా వార్డర్ పిల్లవాడిని దగ్గరి అంగన్‌వాడీకి తీసుకెళ్లి తీసుకొచ్చే ఏర్పాటు జరిగింది. పాలు, గుడ్డు రాసి ఇచ్చారు. శానిటరీ ప్యాడ్లు అడిగినప్పుడల్లా కాకుండా నెలకు సరిపడా ఒకేసారి ఇమ్మని కూడా అందులోనే అడిగాం, అదీ అయింది.

జైళ్లు వద్దనేవాళ్లు జైల్లో అంగన్‌వాడీ ఎందుకు అడగాలని కొందరు స్నేహితులు నాతో వాదిస్తారు. నిజాయితీ ఉన్న ప్రశ్నే. నేను పెట్టుకున్న గీత ఇది. లోపల ఉన్న మనిషికి ఈరోజు ఊరటనిచ్చేది ఏదైనా అడుగుతాను. జైలుకు మరింత చోటు, మరిన్ని బెడ్లు, మరింత బడ్జెట్ తెచ్చేది ఏదీ అడగను. మహిళల కోసం కొత్త మోడల్ జైలు కట్టమనే డిమాండ్ నేనెప్పుడూ చేయలేదు, చేయను. తల్లీబిడ్డలకు గది బాగుంటే జైలుకు పంపడానికి జడ్జి చేయి వణకదు. అంగన్‌వాడీ బయట ఉండాలని పట్టుబట్టింది కూడా అందుకే. లోపల క్రెష్ కడితే ఆ గోడ ఇంకొంచెం పెరిగేది.

సరిగ్గా విడుదల కావాల్సిన రోజున పీటీ వారెంట్ (జైల్లో ఉన్న మనిషిని ఇంకో కేసులో హాజరుపరచమనే ఉత్తర్వు) వచ్చింది. షూరిటీ పత్రాలు ఆమోదించారు, రిలీజ్ ఆర్డర్ జైలుకు వెళ్లింది, అత్త గేటు దగ్గర ఎదురుచూస్తోంది. మరో జిల్లాలో ఏడాది కిందటి బస్సు దొంగతనం కేసు, అప్పటిదాకా 'గుర్తు తెలియని వ్యక్తులు' అని ఉన్నది, ఇప్పుడు ఈమె ఒప్పుకోలు వాంగ్మూలం ఆధారంగా ఈమె మీదికి వచ్చింది. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని మనందరికీ తెలుసు. కానీ వారెంటుకు చాలు.

ఈ పద్ధతి వల్ల జరిగే నష్టం ఒక్క కేసుతో ఆగదు. బీఎన్ఎస్ఎస్ 479 ప్రకారం మొదటిసారి కేసులో పడ్డవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు విచారణ ఖైదీగా గడిపితే విడుదలకు అర్హులు. మిగతావాళ్లకు సగం. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో చెప్పింది. అందరూ సంతోషించారు. కానీ అదే సెక్షన్ రెండో ఉపసెక్షన్‌లో, ఒకటికి మించి కేసులు పెండింగ్‌లో ఉంటే ఈ లాభం లేదని ఉంది. అంటే ఒక పీటీ వారెంట్‌తో ఆ తలుపు మూసుకుంటుంది. పీటీ వారెంట్లు ఎక్కువగా ఎవరి మీద పడతాయో మన కోర్టుల్లో కూర్చున్న ఎవరికైనా తెలుసు. సస్పెక్ట్ షీట్ ఉన్న ఇళ్ల మీద. కాబట్టి చట్టం రాతలో అందరికీ ఇచ్చింది ఆచరణలో వీళ్లకు చేరదు.

రెండో కోర్టులో హాజరుపరిచిన రోజే బెయిల్ పిటిషన్ వేశాం. ఇక్కడ గిరీష్ గాంధీ కేసు పనికొచ్చింది. చాలా కేసుల్లో బెయిల్ వచ్చినా ప్రతి కేసుకూ వేరే షూరిటీలు తేలేక జైల్లో ఉండిపోయిన వ్యక్తికి, అన్నింటికీ అవే షూరిటీలు సరిపోతాయని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో చెప్పిన తీర్పు. కేసులో ఇరుక్కున్న మనిషికి షూరిటీగా నిలబడే వాళ్లు చాలా తక్కువ మందే ఉంటారని న్యాయమూర్తులు ఒప్పుకున్నారు. డ్వాక్రా లీడర్‌నే ఈ కోర్టూ షూరిటీగా తీసుకుంది. వారంలోపే విడుదల.

పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో పెట్టిన పథకం గురించి కూడా చెప్పాలి. మొదలుపెట్టినప్పటి నిబంధనల్లో షూరిటీ కట్టలేని విచారణ ఖైదీకి నలభై వేల వరకు, జరిమానా కట్టలేని శిక్షఖైదీకి పాతిక వేల వరకు సాయం ఉండేది. కలెక్టర్, ఎస్పీ, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు అధికారి, ఒక జడ్జి ఉన్న కమిటీ నిర్ణయిస్తుంది. ఈ కేసులో దాని దాకా వెళ్లకుండానే పని అయింది. కానీ ఈమెతో పాటు బ్యారక్‌లో ఉన్న ఇంకో ఆవిడ కోసం వేసిన దరఖాస్తు ఇంకా కదులుతోంది.

ఇప్పుడు ఫిర్యాదీ గురించి. మనం ఆమెను మర్చిపోతాం. గొలుసు పోగొట్టుకున్నది కూడా కూలి పని చేసుకునే మనిషే. దొరికిందని పోలీసులు చెప్పిన గొలుసు కోర్టులో కేసు ప్రాపర్టీగా ఉండిపోయింది. కేసు ముగియకముందే సొత్తు తిరిగి ఇమ్మని అడిగే మధ్యంతర కస్టడీ పిటిషన్ వేయాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, పండగ అయ్యాక చాలా రోజులకు గానీ అది ఆమె చేతికి రాలేదు. నా క్లయింటు జైల్లో గడిపిన ఒక్కో వారం వల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు. 303(2) దొంగతనం సొత్తు యజమాని ఒప్పుకుంటే రాజీ కుదిరే నేరం. లోక్ అదాలత్‌లో ముగిసిపోవచ్చు. నేరం జరిగితే నష్టపోయినవాళ్లకు నష్టం పూడ్చడం, చేసినవాళ్ల బతుకు మెరుగుపడే దారి చూడడం, జైళ్లు వద్దనేవాళ్లు అడిగేది ప్రధానంగా ఇదే. మన చట్టంలోనే దానికి దారి ఉంది. అరెస్టు ముందు జరిగి రాజీ ఆలోచన ఎప్పుడో చివర వస్తోంది, ఈ వరస తిరగబడాలి.

లెక్కలు చూస్తే ఇది ఒక్కరి గొడవ కాదని తెలుస్తుంది. జాతీయ నేర నమోదు సంస్థ ప్రకారం 2022 డిసెంబర్ 31 నాటికి దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలే. మహిళలు 23,772 మంది. 1,537 మంది తల్లులతో 1,764 మంది పిల్లలు జైళ్లలో ఉన్నారు. విచారణ ఖైదీలను బయటికి తెస్తే నాలుగు జైళ్లలో మూడు ఖాళీ అవుతాయి. జైళ్ల రద్దు అంటే ఒకరోజు పొద్దున్నే గేట్లన్నీ తెరవడమని ఎగతాళి చేసేవాళ్లకు నేను ఈ లెక్క చూపిస్తాను. ఇందుకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఉన్న తీర్పులు అమలైతే చాలా దూరం వెళ్తాం.

అమెరికాలో జైళ్ల రద్దు ఉద్యమానికి పెద్ద గొంతు అయిన ఏంజెలా డేవిస్ కూడా 1972లో బెయిల్ మీద బయటికొచ్చింది కాలిఫోర్నియా ఫ్రెస్నో ప్రాంతపు ఒక పాడిరైతు తన భూమిని హామీ పెట్టడం వల్లే. తర్వాత కొన్ని నెలలకు ఆమె నిర్దోషిగా తేలింది. ప్రపంచమంతా పేరు తెలిసిన మనిషి కూడా ఎవరిదో భూమి పట్టా మీద బయటపడాల్సి వచ్చింది. పేరు తెలియనివాళ్ల కోసం డ్వాక్రా సంఘాలు, కూలి సంఘాలు, ఊరి మహిళా సంఘాలు కలిసి షూరిటీలు ఇచ్చే ఏర్పాటు మన జిల్లాల్లో ఎందుకు ఉండకూడదు? రెండు మండలాల్లో ఆ ప్రయత్నం మొదలుపెట్టాం. సంఘం సభ్యులకు బాండు అంటే ఏమిటో, బాధ్యత ఎంతవరకో చెప్పే చిన్న కరపత్రం తయారైంది. ఎవరి కోసం నిలబడాలో, ఎవరి కోసం వద్దో నిర్ణయం వాళ్లదే. గృహహింస కేసుల్లో మగవాళ్లకు షూరిటీ ఇవ్వం అని ఒక సంఘం మొదటి మీటింగ్‌లోనే తీర్మానం రాసుకుంది. అది వాళ్ల హక్కు.

క్లయింటు ఇంటికెళ్లింది. నాలుగు నెలలకు పైగా జైలు. పెద్దమ్మాయి ఈలోగా తమ్ముడిని చూసుకోవడానికి బడి మానేసింది. ఆరో తరగతి సగంలో ఆపిన పిల్లను మళ్లీ బడికి పంపడానికి మండల విద్యాధికారికి అర్జీ పెట్టాం, టీచర్లు ఒప్పుకున్నారు. పిల్లే ఇంకా వెళ్లనంటోంది. వారం వడ్డీ అప్పు ఇంకా తీరలేదు. జుట్టు వ్యాపారానికి ఊళ్లు తిరగాలంటే ఆమెకు భయం, బస్సెక్కడమే మానేసింది.

రెండు కేసులూ పెండింగ్‌లోనే ఉన్నాయి. రెండో కోర్టు పెట్టిన షరతు ప్రకారం ప్రతి ఆదివారం ఆ జిల్లా స్టేషన్‌కు వెళ్లి సంతకం పెట్టాలి. రానూపోనూ ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు, పిల్లవాడిని వెంటేసుకుని వెళ్లడం. సంతకం సొంత ఊరి స్టేషన్‌లోనే, నెలకోసారి పెట్టేలా మార్చమని పిటిషన్ వేశాం. వచ్చే వాయిదాలో వాదనలున్నాయి. మొదటి కేసులో రాజీ కోసం ఫిర్యాదీ తరఫు లాయర్‌తో మాట్లాడాం, ఆమె వచ్చే లోక్ అదాలత్‌కు వస్తానంది.